అయిదు లింకుల నేల

ఉదయం ఆరుంబావు. చింతమాకులపల్లె మామిడితోపులో దేవరాజులు బోర్లా పడి ఉన్నాడు.

తల వెనక పగిలింది. ఒక చేయి తన చేలో ఉంది. రెండో చేయి పక్కవాడి చేలో ఉంది. మధ్యలో హద్దురాయి.

పాలకేంద్రానికి క్యాను మోసుకెళ్తున్న తాయమ్మ చూసి కేక పెట్టింది. ఏడున్నరకి సీఐ కృపామణి జీపు దిగింది.

ఊరు ఊరంతా అక్కడే ఉంది. కానీ అందరూ రెండు చెట్ల దూరాన ఆగిపోయారు. ఒక్కరూ దగ్గరికి రాలేదు. ఒక్కరూ ఏడవలేదు.

కృపామణికి ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎన్ని శవాలు చూసింది! తాగి రోడ్డు మీద చచ్చిన వాడికైనా ఎవరో ఒకరు "అయ్యో" అంటారు. ఇక్కడ ఆ పాపం కూడా లేదు.

"ఏం సుబ్బన్నా, ఈయనేమన్నా నరమాంసం తిన్నాడా? ఎందుకట్ల నిలబడి చూస్తున్నారు?"

హెడ్ కానిస్టేబుల్ సుబ్బన్నది ఈ చుట్టుపక్కల ఊరే. టోపీ తీసి తల గోక్కున్నాడు.

"గెనిమ దొంగ మేడమ్. పక్కోడి గట్టు జరిపి నేల తిన్నాడంట."

"ఎవరన్నారు?"

"గొలుసు సెప్పింది."

"గొలుసుకి నోరుందా?"

"ఈ ఊర్లో దానికే ఉండాది మేడమ్."

సంగతి ఇదీ. ఎల్లప్ప ఇంట్లో తెల్లదొరల నాటి సర్వే గొలుసు ఒకటి ఉంది. అరవై ఆరడుగులు, వంద లింకులు. ఎల్లప్ప తాత సర్వే వాళ్ళ దగ్గర గొలుసు లాగేవాడు. వాళ్ళు పోతూ పోతూ ఆయనకి ఇచ్చిపోయారు. అప్పట్నించీ ఏడెనిమిది ఊళ్ళకి అదే కోర్టు, అదే జడ్జి. గట్టు తగాదా వస్తే రెండు పక్షాలూ పొద్దున్నే తలస్నానం చేసి, ఏమీ తినకుండా వచ్చి, గొలుసుని కళ్ళకద్దుకోవాలి. గొలుసు చెప్పాక అప్పీలు లేదు. తప్పు తేలినవాడింటికి నిప్పు ఇవ్వరు, నీళ్ళు ఇవ్వరు. చస్తే పాడె పట్టరు.

పది రోజుల కింద పక్క రైతు మునిరామయ్య తోపు కొలిచారు. పాత సర్వే పటంలో దాని వెడల్పు అయిదు వందల అయిదు లింకులు. గొలుసు అయిదు వందలే చూపించింది. అయిదు లింకులు లేవు. అంటే మీటరు నేల. ఆ మీటరు మీద ఒక వరస తోతాపురి చెట్లు. అవతల చేను దేవరాజులుది. ఇంక దొంగ ఎవడో చెప్పడానికి పంచాంగం చూడాలా?

"గవర్నమెంటు సర్వే చేయించలేదా?"

"దేవరాజులే సేయించినాడు మేడమ్. మిషన్ పెట్టి సూసి, రాయి సరైన సోటే ఉండాదని సెప్పినారు. ఎవురు నమ్ముతారు? మిషన్ని మనిషి తిప్పతాడు. గొలుసు దేవుడు."

కృపామణి శవం పక్కన గొంతుక్కూర్చుంది.

గాయం వెడల్పుగా లేదు. గడ్డపార దెబ్బ కాదు. కట్టె దెబ్బ కాదు. చర్మం మీద చిన్న చిన్న గుండ్రటి అచ్చులు వరసగా పడ్డాయి. నెత్తురు గడ్డలో ఎర్రటి పొడి అంటుకుంది. నేల కూడా ఎర్రదే. అందుకని ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

ఇంకోటి చూసింది. పంచె ఉతికినది. నుదుట విభూతి చెరగలేదు. జుట్టు ఇంకా తడి ఆరలేదు.

తెల్లవారక ముందే తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, తోపు చూడ్డానికి ఎవడొస్తాడు?

ఎనిమిదిన్నరకి మునిరామయ్య కొడుకు మునిప్రసాద్‌ని పట్టుకొచ్చారు. వారం కిందట పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు దేవరాజులు కాలరు పట్టుకున్నది ఇతనే.

"ఏమన్నావప్పుడు?"

"కోపంలో అన్నా మేడమ్."

"ఏమన్నావో అదే చెప్పు."

"ఈ గెనిమ కిందే పూడుస్తానన్నా."

"పూడ్చినావా?"

"దేవుడి తోడు మేడమ్! రేత్రి పది గంటల కాన్నుంచి ట్రాక్టరేసుకుని ఫ్యాక్టరీ లైన్లో ఉండా. కాయ దించేసరికి ఆరున్నర. కావాలంటే సీసీ కెమెరా సూసుకోండి."

చూశారు. గేటు కెమెరాలో అయిదు గంటల యాభై నిమిషాలకి మునిప్రసాద్ ట్రాక్టరు బానెట్ మీద కూర్చుని ఆవలిస్తున్నాడు. కృపామణి పళ్ళు కొరుక్కుంది.

తండ్రి మునిరామయ్యకి రెండు మోకాళ్ళూ పోయాయి. మంచం మీదే కూర్చుని మాట్లాడాడు.

"సచ్చినోడి గురించి సెడ్డ మాట్లాడకూడదు. కానీ నా అయిదు లింకులు నాకు రావాల గదమ్మా."

"మనిషి పోయినాడు పెద్దాయనా."

"నేల యాడికీ పోదు గదా."

ఆమె లేచి బయటికొచ్చింది.

మూడోవాడు ఎల్లప్ప. అరవై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉన్నాడు. గొలుసు వసారాలో గూటానికి వేలాడుతోంది. ఎనిమిది అంగుళాల ఇనుప కడ్డీలు మడత మీద మడతగా, పసుపు గుడ్డతో కట్టి ఉన్నాయి. కట్ట అయిదారు కేజీలుంటుంది. పక్కన తాటాకు బుట్టలో కొలిచేటప్పుడు గుచ్చే ఇనుప పుల్లలు.

"దీన్ని ఎవరెవరు ముట్టుకుంటారు ఎల్లప్పన్నా?"

"నేను తప్ప ఎవురూ ముట్టుకోరాదమ్మా. కొలిచే పొద్దు మాత్రం అవతలి కొసన అడిగినోడు పట్టుకుంటాడు."

"కడసారి ఎప్పుడు తీశావు?"

"మునిరామయ్య తోపుకే. మళ్ళ దించలేదు."

"పొద్దున ఎక్కడున్నావు?"

"జొరం. దుప్పటి కప్పుకుని పండుకోనుండా."

ఆమె గొలుసు వంక చూసింది. ఎండపొడ పడి తళతళలాడుతోంది.

"బాగా మెరుస్తోందే!"

"సింతపండు, ఇటికపొడి. మా తాత కాన్నుంచీ అదే. కొలిచే ముందర రాత్రి ఒకతూరి, కొలిచినాక ఒకతూరి. మలినంతో ఉండే గొలుసు నిజం సెప్పదమ్మా."

ఆ మాట చెప్పేటప్పుడు ఎల్లప్ప గొంతులో గర్వం లేదు. ఏదో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. కృపామణికి అది వింతగా తోచింది, అంతే. అప్పటికి ఇంకేం తోచలేదు.

పదకొండుకి దేవరాజులు కూతురు కోమలి వచ్చింది. శ్రీ సిటీలో కెమెరా లెన్సుల మీద పూత పూసే ఫ్యాక్టరీలో టెక్నీషియన్. యూనిఫాం మీదే బస్సెక్కి వచ్చేసింది. తల్లి లేదు. అన్నదమ్ములు లేరు.

ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. ఆ పిల్లే కృపామణి ఎదుటికి వచ్చి ఒకటే అడిగింది.

"పాడె మోసేదానికి ఎవురొస్తారు మేడమ్?"

"నీ వాళ్ళెవరూ లేరా?"

"అందురూ మా వాళ్ళే. ఆ సెట్ల కింద నిలబడుండారే, వాళ్ళే. మా నాయన దొంగ కాదని తేలితేనే వస్తారు. లేదంటే మున్సిపాలిటీ బండిలో ఏసుకోని పోవాల. అనాథ పీనుగ మాదిరి."

కృపామణి ఆ పిల్ల భుజం మీద చేయి వేసింది. మాట ఇవ్వాలని నోటిదాకా వచ్చింది. ఇవ్వలేదు. పోలీసు నోటి మాటకి విలువెంతో ఆమెకి బాగా తెలుసు.

మధ్యాహ్నం పోస్ట్‌మార్టం. డాక్టరు రాసుకుంటూ పోతున్నాడు.

"గాయంలో మట్టి."

"ఒక్క నిమిషం సార్. శాంపిల్ సీలు చేశారా?"

"చేశాను."

"మరి ఆ టవల్ మీద రాలిన పొడి?"

"అది పారేసేదే."

కృపామణి దాన్ని చిటికెడు తీసి గాజుగ్లాసులో నీళ్ళల్లో వేసి తిప్పింది. మట్టయితే కరిగి నీళ్ళు ఎర్రబడాలి. ఎర్రబడలేదు. గరగరమంటూ అడుగుకి దిగి కూర్చుంది.

డాక్టరు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఏమిటిది?"

"మా అమ్మ దీంతోనే ఇత్తడి బిందెలు తోమేది సార్. ఇటుకపొడి."

ఈ రోజుల్లో ఇటుకపొడితో తోమేవాళ్ళెవరు? పల్లెల్లో కూడా అందరికీ సబ్బుబిళ్ళలొచ్చాయి. చింతమాకులపల్లెలో ఇటుక నూరేది ఒక్క ఇంట్లోనే.

అయినా అది చాలదు. ఇటుకపొడి గాలికొచ్చి పడిందంటాడు లాయరు. అసలు ఎల్లప్పకి దేవరాజులంటే పగేముంది? గొలుసు తీర్పు ఎల్లప్ప చెప్పినట్టే నడిచింది. ఊరు ఎల్లప్ప వైపే ఉంది. గెలిచినవాడు ఓడినవాణ్ణి ఎందుకు చంపుతాడు?

తలస్నానం మాత్రం ఆమెని వదల్లేదు.

మర్నాడు ఏడుకల్లా మళ్ళీ తోపులో ఉంది. సుబ్బన్న వెనకే విసుక్కుంటూ నడుస్తున్నాడు. కోమలి కూడా వచ్చింది. శవం మధ్యాహ్నానికి ఇస్తామన్నారు. ఒంటరిగా ఇంట్లో కూర్చోలేకపోయింది.

"మునిరామయ్య తోపంతా నిన్ననే జల్లెడ పట్టినాం గదా మేడమ్."

"అవును సుబ్బన్నా. అందరూ ఆ తోపే చూశారు. పది రోజుల కింద కొలిచింది కూడా ఆ తోపే. దేవరాజులు చేను ఎవరన్నా కొలిచారా?"

"దొంగ చేను కొలిచేదేంది మేడమ్?"

కృపామణి హద్దురాయి దగ్గర్నించి దేవరాజులు చేలోకి వంగి నడిచింది. రాలిన ఆకులు చేత్తో పక్కకి తోస్తూ పోయింది. సుబ్బన్నకి నడుం పట్టేసింది. అప్పుడు కనిపించింది.

నేలలో ఒక కన్నం. చిటికెన వేలు పట్టేంత. అంచు ఇంకా ఎండలేదు.

"ఇనుప పుల్ల దిగిన కంత!" అన్నాడు సుబ్బన్న. నడుం నొప్పి మర్చిపోయాడు.

అదే వరసలో ఇంకోటి. ఆ తరవాత ఇంకోటి. మొత్తం నాలుగు. నాలుగోది సరిగ్గా అవతలి హద్దురాయి మొదట్లో ఉంది.

ఎవరో దేవరాజులు చేను గొలుసుతో కొలిచారు. గొలుసుతో కొలవడం ఒక్కడి వల్ల కాదు. ఇద్దరు కావాలి. తలస్నానం చేసి వచ్చిన దేవరాజులు ఒక కొస పట్టుకున్నాడు. మరి రెండో కొస?

కృపామణి జీపులోంచి స్టీలు టేపు తెప్పించింది. కన్నానికీ కన్నానికీ మధ్య కొలిచారు. కోమలి వంగి అంకె చదివింది.

"ఇరవై మీటర్ల ముప్పై రెండు సెంటీమీటర్లు."

"గొలుసు నిడివి ఎంతుండాలి?"

"అరవై ఆరడుగులంటే ఇరవై మీటర్ల పన్నెండు."

"ఇరవై సెంటీమీటర్లు ఎక్కువుందే. ఇంకోటి కొలువు."

ఇంకోటి. ముప్పై రెండు. మూడోది. ముప్పై రెండే.

"చేయి తప్పితే ఒకతూరి తప్పతాది. మూడుతూర్లు ఒకే మాదిరి తప్పదు మేడమ్," అంది కోమలి. ఆ పిల్ల మొహం పాలిపోయింది. "గొలుసే పొడుగై ఉండాది."

"ఇనుము సాగడమేంది తల్లీ? రబ్బరా?" అన్నాడు సుబ్బన్న.

"సాగలేదు అన్నా. అరిగింది."

నేల మీద కూర్చుని పుల్లతో గీసి చూపించింది. లింకుకీ లింకుకీ మధ్య మూడు రింగులుంటాయి. అంటే నాలుగు చోట్ల ఇనుము ఇనుముని రాసుకుంటుంది. ఒక్కో చోట రెండు ముఖాలు. మొత్తం ఎనిమిది. వంద లింకులకి ఎనిమిది వందలు. ఒక్కో ముఖం పావు మిల్లీమీటరు అరిగితే చాలు, గొలుసు మొత్తానికి ఇరవై సెంటీమీటర్లు పెరుగుతుంది.

"పావు మిల్లీమీటరంటే మీకు ఏమీ లేనట్టే. మా ల్యాబులో అది మహాసముద్రం. మేము పూత మందం ఆంగ్‌స్ట్రామ్‌ల్లో కొలుస్తాం. పావు మిల్లీమీటరుకి ఇరవై అయిదు లక్షల ఆంగ్‌స్ట్రామ్‌లు. ఇనుము పరమాణువు ఒకటి రెండున్నర ఆంగ్‌స్ట్రామ్‌లు ఉంటాది. అంటే పది లక్షల పరమాణువుల మందం."

"అంత మందం ఎట్లా పోయింది?"

"నూరేండ్లుగా తోముతా ఉండారు గదా, వెయ్యిసార్లన్నా తోమి ఉంటారు. ఒక్కోతూరికి వెయ్యి పరమాణువులు. కంటికి కనపడవు. గోరుకి తగలవు. ఇటికపొడి రింగుల సందుల్లో నిలిచిపోతాది. ఆ మీదట నేల మీద ఈడ్చినప్పుడల్లా ఆకురాయి మాదిరి కోస్తాది."

కృపామణికి ఎల్లప్ప మాట గుర్తొచ్చింది. మలినంతో ఉన్న గొలుసు నిజం చెప్పదట! భక్తితో తోమి తోమి దాని నోట అబద్ధం పలికించారు.

గొలుసు పొడుగైతే చేను పొట్టిగా కనిపిస్తుంది. మునిరామయ్య తోపుకి అయిదు లింకులు తగ్గింది అందుకే. మరి ఈ చేను?

సుబ్బన్న ఫోనులో సర్వే పటం తీశాడు. దేవరాజులు చేను వెడల్పు నాలుగు వందల నాలుగు లింకులు. ఇక్కడ నాలుగే నాలుగు గొలుసులు. నాలుగు వందలే.

"దొంగ చేలో ఎక్కువుండాలి కదయ్యా సుబ్బన్నా! ఈయనకీ నాలుగు తక్కువే. ఇద్దరికీ తక్కువైతే మధ్యలో తిన్నవాడెవడు?"

సుబ్బన్న పటంలో అంకె మళ్ళీ చూసుకున్నాడు.

కోమలి ఉన్నట్టుండి పుల్ల కింద పడేసింది.

"నేనే సెప్పినా మేడమ్."

"ఏమిటి?"

"మొన్న రేత్రి ఫోన్లో. నాయన ఏడుస్తా ఉంటే నేనే సెప్పినా. నీ చేను కూడా కొలవమను నాయనా, తక్కువొస్తే గొలుసుదే తప్పు అని. కొలవమంటే ఎల్లప్ప కాదనకూడదంట. అడిగినోడికి గొలుసు లేదనకూడదని వాళ్ళింటి కట్టుబాటు. నేను ఆ మాట సెప్పకుంటే..."

రెండు చేతులతో మొహం కప్పుకుంది. అప్పుడు ఏడ్చింది. నిన్నట్నించీ దాచుకున్నదంతా ఏడ్చింది. కృపామణి పక్కన కూర్చుంది. "ప్రభువా" అని గొణుక్కుంది.

మధ్యాహ్నం రెండు. శవం ఊళ్ళోకి వచ్చింది. పాడె కట్టి ఉంది. అదైనా సుబ్బన్నే కట్టాడు.

కృపామణి ఊరందర్నీ పాలకేంద్రం ముందరికి పిలిచింది. ఎస్సైని పంపి గొలుసు తెప్పించింది. ఎల్లప్ప వెనకే వచ్చాడు. మునిరామయ్యని కొడుకు పట్టుకుని నడిపించుకొచ్చాడు.

సిమెంటు రోడ్డు మీద గొలుసు పరిచి లాగారు. పక్కనే స్టీలు టేపు పరిచారు.

"ఎవరన్నా చదువుకున్నవాళ్ళు వచ్చి చదవండి."

మునిప్రసాద్ వంగాడు. "ఇరవై మీటర్ల ముప్పై రెండు."

"దేవరాజులు చేలో కన్నాలున్నాయి. కన్నానికీ కన్నానికీ మధ్య ఎంత సుబ్బన్నా?"

"ఇరవై మీటర్ల ముప్పై రెండు మేడమ్."

"ఏ కొత్త గొలుసుతో కొలిచినా ఇరవై పన్నెండే వస్తుంది. ఈ లోకంలో ఈ నిడివి ఉన్న గొలుసు ఇదొక్కటే. ఎల్లప్పన్నా, పది రోజుల నుంచి గొలుసు దించలేదన్నావు."

ఎల్లప్ప చూపు గొలుసు మీదే ఉంది.

"చింతపండుతో తోమిన ఇనుముకి రెండు మూడు రోజుల్లో తుప్పు పడుతుంది. నీ గొలుసు నిన్న అద్దంలా ఉంది. నిన్న పొద్దున తోమావు. ఎందుకు తోమావు?"

కృపామణి ఇంకో అడుగు ముందుకేసింది.

"మొన్న రాత్రి కూడా తోమావు. కొలిచే ముందు తోమడం మీ పద్ధతి కదా. ఆ పొడి రింగుల్లో ఉండిపోయింది. గొలుసు కట్టతో కొట్టినప్పుడు గాయంలో పడింది. ఆ గుండ్రటి అచ్చులు ఈ రింగులవే. నెత్తురు కడిగావు అన్నా. కన్నాలు పూడ్చడం మరిచిపోయావు."

"మరిసిపోలేదు," అన్నాడు ఎల్లప్ప.

జనం ముందుకు జరిగారు.

"గొలుసు గుచ్చిన కంత పూడ్సకూడదమ్మా. మా తాత సెప్పినాడు."

చంపడానికి అడ్డురాని కట్టుబాటు కన్నం పూడ్చడానికి అడ్డొచ్చింది! కృపామణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఎందుకు చంపావు?"

ఎల్లప్ప రోడ్డు మీద కూలబడ్డాడు. గొలుసు కొస చేతుల్లోకి తీసుకున్నాడు. ఎస్సై కదలబోతే కృపామణి ఆపింది.

"నాలుగో పుల్ల గుచ్చేసరికి రాయి తగిలింది. నాలుగు తక్కువ. గొలుసు మడిసి ఇవతలి రాయి కాడికి వచ్చేసరికి దేవరాజులు నవ్వినాడమ్మా. ఎల్లప్పా, నా సేను కూడా ఎవుడో తిన్నాడే అని నవ్వినాడు. ఇంక సూడు, అన్ని సేన్లూ కొలుద్దాం, ఊరంతా దొంగలే అన్నాడు. నాకు మా అన్న గుర్తొచ్చినాడు."

"మీ అన్న?"

"వెంకటముని. ఆరు లింకులు తిన్నాడని ఇదే గొలుసు సెప్పింది. నా నోటితో నేనే సెప్పినా. తోడబుట్టినోడని సూడలేదు. గొలుసు కంటే అన్న ఎక్కువా అనుకున్నా. వారానికి పురుగుల మందు తాగినాడు. పాడె ఎవురూ పట్టలేదు. నేను కూడా పట్టలేదమ్మా."

గొలుసు కొస ఒళ్ళో పెట్టుకున్నాడు.

"దేవరాజులు నవ్వతా ఉంటే, మా అన్న ఊరికే సచ్చినాడని నవ్వినట్టనిపించింది. ఆ మాట ఎవురికీ తెలీకూడదనుకున్నా. అంతే."

ఎస్సై ఎల్లప్పని వ్యాను ఎక్కించాడు. ఎక్కేటప్పుడు ఎల్లప్ప వెనక్కి తిరిగి కోమలి వంక చూడబోయాడు. చూడలేకపోయాడు.

కృపామణి జనం వైపు తిరిగింది.

"విన్నారు కదా! దేవరాజులు దొంగ కాడు. మునిరామయ్య నేల ఎవడూ తినలేదు. ఈ ఊళ్ళో ఎవడి నేలా ఎవడూ తినలేదు. ఆ పిల్ల ఇంటి ముందర పాడె ఉంది. ఇంకనైనా రండి."

వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది.

"అట్లయితే మా సిన్నాయనకి ఒదిలిపెట్టిన నాలుగు లింకులు?"

"మా మామ కొట్టించిన టెంకాయ సెట్లు?"

"రేయ్, ఆ గెట్టు నీది కాదు రా! ఆ పొద్దే సెప్పినా!"

"నోరు ముయ్యి! కొలిచి మాట్లాడు!"

అరుపులు పెద్దవయ్యాయి. ఒకడు చొక్కా పట్టుకున్నాడు. ఇంకొకడు ఇంటికి పరిగెత్తి గడ్డపారతో వచ్చాడు. ఆడవాళ్ళు కొంగులు బిగించి చేన్ల దారి పట్టారు. చూస్తుండగానే పాలకేంద్రం ముందు ఖాళీ అయింది. మిగిలింది మునిరామయ్య, అతని కొడుకు.

ముసలాయన గొలుసు వంక చేయి చూపించాడు.

"అంతా అర్థమైందమ్మా. మరి నా అయిదు లింకులు యాడ?"

"అవి లేనేలేవు పెద్దాయనా. గొలుసు పొడుగై నీ చేను పొట్టిగా కనపడింది. అంతే. నీ చేను నీ కాడే ఉంది."

"అట్లంటే ఎట్లమ్మా? కొలిచినప్పుడు తగ్గినాయి గదా. తగ్గినవి యాడో ఒకసోట ఉండాల గదా."

కృపామణి మునిప్రసాద్ వైపు చూసింది. "నువ్వన్నా రా అబ్బా. మీ ఇద్దరి మాటల వల్లే కదా ఇంతదాకా వచ్చింది."

మునిప్రసాద్ తల దించుకున్నాడు. ఒక అడుగు ముందుకేశాడు కూడా. అంతలో చేన్ల వైపు నుంచి ఎవరో గట్టిగా పిలిచారు. "ప్రసాదూ, మీ దచ్చిణం గెట్టు కాడ రాయి పెరకతా ఉండారు రా!" అతను తండ్రిని అక్కడే మెట్టు మీద కూర్చోబెట్టి పరుగెత్తాడు.

దేవరాజులు ఇంటి ముందు కోమలి కుండ పట్టుకుని నిలబడి ఉంది. వీధి రెండు వైపులా చూస్తోంది.

కృపామణి టోపీ తీసి జీపు సీటు మీద పెట్టింది. సుబ్బన్న ముందుకొచ్చాడు. డ్రైవరు వచ్చాడు. ముగ్గురే. నాలుగో కొమ్ము పట్టేవాడు లేడు.

కోమలి కుండని తాయమ్మ చేతికిచ్చింది. మొట్టమొదట శవాన్ని చూసిన పాలమనిషే, ఆమె ఒక్కతే వచ్చింది. కోమలి వంగి నాలుగో కొమ్ము భుజానికెత్తుకుంది.

దారి చేన్ల మధ్య నుంచే. రెండు వైపులా జనం. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు, అడుగులేసి కొలిచేవాళ్ళు, గడ్డపారలతో రాళ్ళు పెళ్ళగించేవాళ్ళు. పాడె పక్కనుంచి పోతుంటే ఒకరిద్దరు దారి ఇచ్చారు. తిరిగి పనిలో పడ్డారు.

"మా నాయన దొంగ కాదని ఇప్పుడు అందరికీ తెల్సు గదా మేడమ్?"

"తెలుసమ్మా."

"మరి యాల రాలేదు?"

కృపామణి భుజం మార్చుకుంది. దొంగ అన్నప్పుడు ఆయన ఒక్కడి మీదే ఊరంతా ఒక్కటై నిలబడింది. కాదని తేలాక ఇంక ఎవడికి వాడే. ఇదా చెప్పడం ఈ పిల్లకి?

"నడువమ్మా, ఎండ ఎక్కువైంది," అంది.

వెనక ఎవడి తలో పగిలినట్టుంది, ఆడవాళ్ళు గొల్లుమన్నారు. సుబ్బన్న ఆగి వెనక్కి చూశాడు.

"దించుదామా మేడమ్?"

"వద్దు," అంది కృపామణి. "ముందు ఈయన్ని చేర్చు."